బ్లేడుతో గీకేసిన వాగు

నా ఇరవై మూడో ఏట ఒక ఊరి జనాభాను ఒక్క పూటలో ఒకటిన్నర రెట్లు చేశాను.

ఉద్యోగంలో చేరిన కొత్త. నగరానికి రాబోయే ఇరవై ఏళ్ల మాస్టర్ ప్లాన్ తయారవుతోంది. నా బల్ల మీదికొచ్చింది నగరం కాదు, దాని అంచున ఉన్న ఓ పల్లె. ఊరి పేరు చెప్పను. ఇప్పుడా పేరుతో మిగిలింది ఒక బస్ స్టాప్ మాత్రమే. 1961, 71, 81, 91 జనగణన అంకెలు నాలుగు, ఒక కాలిక్యులేటర్ చేతికిచ్చి, ఇరవై ఏళ్ల తర్వాత అక్కడ ఎంతమంది ఉంటారో తేల్చమన్నారు.

చదువుకునేటప్పుడు నేర్పిన పద్ధతులు మూడు. పదేళ్లకోసారి పెరిగిన తలలకు సగటు కట్టి కూడుకుంటూ పోయేది అరిథ్‌మెటిక్. శాతం లెక్కన గుణించుకుంటూ పోయేది జామెట్రిక్. పెరుగుదల కూడా ఎంత పెరుగుతోందో చూసి దాన్నీ కలిపేది మూడోది. మూడూ చేస్తే మూడు జవాబులొచ్చాయి, ఒకదానికొకటి పొంతన లేదు. మా సార్ దగ్గరికి తీసుకెళ్తే కళ్లజోడు పైనుంచి చూసి, "మూడూ కలిపి మూడుతో భాగించెయ్యి" అన్నారు. హాస్యమాడుతున్నారేమో అనుకున్నా. కాదు. అలాగే భాగించాను, ఆ అంకె రిపోర్టులోకి ఎక్కింది, దాని ఆధారంగా నీళ్లెన్ని కావాలి, బడులెన్ని కావాలి, రోడ్డు ఎంత వెడల్పుండాలి అన్న లెక్కలన్నీ నడిచాయి.

ఇరవై ఏళ్లకని వేసిన ఆ అంకెను ఊరు తొమ్మిదో ఏట దాటేసింది.

ఎందుకు తప్పిందో అప్పట్లో నాకు అర్థం కాలేదు. ఇప్పుడైతే చిన్నపిల్లలకైనా చెప్పగలను. ఆ మూడు పద్ధతులూ ఊరి గతాన్ని అడిగి భవిష్యత్తు చెప్తాయి. అంచున ఉన్న ఊరి భవిష్యత్తు దాని గతంలో ఉండదు, పక్కనున్న నగరంలో ఉంటుంది. అక్కడ జనం పుట్టి పెరగరు, వచ్చి పెరుగుతారు. రావడం కూడా ఏటా ఇంతమంది అని లెక్క ప్రకారం రారు. రోడ్డు పడిన ఏడాది వస్తారు, బస్సు వేసిన ఏడాది వస్తారు, లోపల అద్దెలు భరించలేనప్పుడు వస్తారు. ఏటా 2 శాతం పెరిగే ఊరు రెట్టింపు కావడానికి 35 ఏళ్లు పడుతుంది. 7 శాతం పెరిగితే పదేళ్లు చాలు. నా ఊరు రెండు శాతం ఊరిలా ముప్పై ఏళ్లు కూర్చుని, ఒక రోజు లేచి పరిగెత్తింది.

మా డ్రాయింగ్ హాలు పొడుగాటి గది. ఉత్తరం వైపంతా కిటికీలు, వాటి కింద వరసగా బల్లలు. చివర్లో ఒక చిన్న గది, అందులో ప్రింట్లు తీసే మెషీను. అది నడుస్తుంటే అమోనియా ఘాటుకు కళ్లు నీళ్లు కారేవి. పెద్ద డ్రాఫ్ట్స్‌మన్ గారు ఒకరుండేవారు. నన్ను "అమ్మాయ్" అని తప్ప పేరుతో పిలిచింది లేదు. మొదటి వారమే నా చేతిలో సగానికి విరిచిన బ్లేడు పెట్టి, "గీత గియ్యడం కాలేజీలో నేర్పే ఉంటారు, గీకడం ఇక్కడ నేర్చుకో" అన్నారు. ట్రేసింగ్ పేపర్ మీద ఇంకు పడితే రబ్బరుకు పోదు. బ్లేడును ఏటవాలుగా పట్టి, కాగితం పొర లేవకుండా, పైపైన గీకాలి. తర్వాత గోటితో రుద్ది నునుపు చెయ్యాలి, లేదంటే మళ్లీ గీసినప్పుడు ఇంకు పాకుతుంది. నాకది తొందరగానే పట్టుబడింది. ఆ పనిలో నాకు మంచి పేరే వచ్చింది, దాని సంగతి తర్వాత.

రంగులు వెయ్యడం సాయంత్రాల పని. ఇళ్లకు పసుపు, పరిశ్రమకు ఊదా, సాగుకు ఆకుపచ్చ. నగరం నడిమధ్యలో ప్రతి వీధినీ విడివిడిగా చూసి రంగు వేసేవాళ్లం. అంచులకు వచ్చేసరికి చేతికి బద్ధకం వచ్చేది. పసుపు అయిపోయిన చోటినుంచి హద్దుగీత దాకా మొత్తం ఆకుపచ్చ పూసేసి ఇంటికెళ్లేవాళ్లం. అందులో ఊళ్లుండేవి, బావులుండేవి, బండిబాటలుండేవి, వాటి మీద నడిచే మనుషులుండేవాళ్లు. మా పటంలో మాత్రం అది 'మిగిలిన చోటు'. ఆ ఆకుపచ్చ సాగును కాపాడ్డానికి వేసింది కాదు, ఏం రాయాలో తెలియనప్పుడు వేసింది. ఈ మాట అప్పుడు ఎవరైనా అని ఉంటే పోట్లాడేదాన్ని.

పోట్లాటలు బాగానే ఉండేవి. లైబ్రరీలో నాతోపాటు కూర్చునే ఒక సహోద్యోగికి గ్రీన్ బెల్ట్ అంటే ప్రాణం. నగరం చుట్టూ పచ్చని పట్టీ కట్టేస్తే పెరుగుదల ఆగుతుందని అతని నమ్మకం. దానికి మూలపురుషుడు ఎబెనెజర్ హొవార్డ్. ఆయన ఇంజనీరూ కాదు, ఆర్కిటెక్టూ కాదు, లండన్‌లో పార్లమెంటు ప్రసంగాలను షార్ట్‌హ్యాండ్‌లో రాసుకునే గుమాస్తా. 1898లో ఆయన లెక్కగట్టిన ఉద్యాన నగరంలో 6,000 ఎకరాల్లో ఊరికి వెయ్యి, చుట్టూ సాగుకు ఐదు వేలు, జనం 32,000. అది నిండితే దాన్ని ఉబ్బించకూడదు, పొలాలు దాటి ఇంకోటి కట్టాలి. 1903లో ఇంగ్లండ్‌లో లెచ్‌వర్త్ అనే ఊరు అలాగే మొదలైంది. అందరూ ఆ తోటల బొమ్మలు చూసి మురిసిపోతారు గానీ, నాకు ఆయన మీద గౌరవం కలిగింది ఇంకో సంగతి వల్ల. ఊరు పెరిగితే నేల విలువ పెరుగుతుంది కదా, ఆ పెరిగింది ఊరిదే కావాలన్నాడు. నేలంతా ఉమ్మడిగా ఉండి, అద్దెల మీద వచ్చేదంతా ఊరి ఖర్చులకే పోవాలన్నాడు. మేం సాయంత్రం ఆకుపచ్చ చెరిపి పసుపు వేస్తే తెల్లారేసరికి ఆ పొలం ధర ఎంత ఎగురుతుందో చూసినవాళ్లకు ఆ మాట విలువ తెలుస్తుంది. మా పెన్సిల్ కదలికతో ఎవరో లక్షాధికారులయ్యేవారు. రోడ్డు వెయ్యడానికి మాత్రం డబ్బుండేది కాదు.

నా మిత్రుడు లండన్ చూపించేవాడు. 1938లో చట్టం, 1944లో ఆబర్‌క్రాంబీ అనే ప్లానర్ వేసిన ప్రణాళిక, పచ్చని పట్టీ ఇప్పటికీ ఉంది. నేను సియోల్ చూపించేదాన్ని. అక్కడ 1971లో గట్టిగా పట్టీ కట్టారు, నగరం ఆగిందా? పట్టీ మీదినుంచి గెంతి అవతల పడింది. 1989లో ప్రభుత్వమే పట్టీ బయట బున్‌దాంగ్, ఇల్సాన్ లాంటి కొత్త పట్నాలను ప్రకటించింది. జనం రోజూ ఆ పచ్చదనాన్ని దాటుకుంటూ పనికి రావాల్సొచ్చింది. "గోడ కడితే నీళ్లు ఆగవు, పక్కనుంచి వస్తాయి" అనేదాన్ని. నీళ్ల గురించి నాకేదో తెలిసినట్టు!

మా ఇద్దరికీ నచ్చింది కోపెన్‌హాగన్. 1947లో వాళ్లు అరచేయి గీశారు. అరచేయి పాత నగరం, వేళ్లు లోకల్ రైలు మార్గాలు. ఇళ్లు వేళ్ల వెంబడే రావాలి, వేళ్ల సందుల్లో పొలాలు, అడవులు ఉండిపోవాలి. పెరగొద్దు అనలేదు, ఇటు పెరుగు అన్నారు. ఏ ఇంటి నుంచి చూసినా ఒకవైపు రైలు, ఇంకోవైపు పచ్చిక. అమెరికాలో పోర్ట్‌లాండ్ వాళ్లది ఇంకో తీరు. 1979లో నగరం చుట్టూ హద్దు గీశారు గానీ దాన్ని శిలాశాసనం చెయ్యలేదు. లోపల ఇరవై ఏళ్ల పెరుగుదలకు చాలినంత చోటుందా అని కొన్నేళ్లకోసారి లెక్క చూసుకుని, కావాలంటే గీత జరుపుతారు. అంచనా తప్పుతుందని ముందే ఒప్పుకుని చేసిన ఏర్పాటు అది. నా మూడు పద్ధతుల సగటును అలా ఐదారేళ్లకోసారి ఎవరైనా తీసి చూసుంటే బాగుండేది. చూడలేదు. మాస్టర్ ప్లాన్ అచ్చయ్యాక బీరువాలోకి వెళ్లింది.

ఊళ్లో సర్వేకి వెళ్లిన రోజులు మాత్రం నా ఉద్యోగంలో అన్నిటికంటే మంచివి. టేపు, బోర్డు, సర్వే నంబర్ల పటం, నీళ్ల సీసా. ఇంటింటికీ తిరిగి ఎవరేం పని చేస్తారో రాసుకోవాలి. మొదటి రోజే చిక్కొచ్చింది. ఒకే ఇంట్లో తండ్రి వ్యవసాయం, పెద్దకొడుకు పొద్దున్నే బస్సెక్కి ఫ్యాక్టరీకి, చిన్నకొడుకు సగం రోజులు పొలం సగం రోజులు తాపీపని, కోడలు ఇంట్లోనే కుట్టుపని. ఫారంలో ఒక్క గడే ఉంది: ఊరా, పట్నమా? ఆ మధ్యనే టెర్రీ మెక్‌గీ అనే భూగోళ శాస్త్రవేత్త ఆసియాలో ఇలాంటి చోట్లకు 'దెసకోట' అని పేరు పెట్టారని చదివాను. ఇండోనేషియా భాషలో దెస అంటే పల్లె, కోట అంటే పట్నం. రెండూ కలిపేశాడు, గొడవ తీరింది. మా ఫారంలో ఆ గడి లేదు.

జనగణన వాళ్ల కొలత ఇంకా తమాషాగా ఉండేది. జనాభా 5,000 దాటాలి, చదరపు కిలోమీటరుకు 400 మంది ఉండాలి, పనిచేసే మగవాళ్లలో 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉండాలి. అప్పుడది 'సెన్సస్ టౌన్'. ఆడవాళ్ల పని లెక్కలోకి రాదు. నేను తిరిగిన ఇళ్లలో ఆ కుట్టుమిషన్ల చప్పుడే ఎక్కువ వినపడేది. ఇలాంటి సెన్సస్ టౌన్లు దేశంలో 2001లో 1,362 ఉంటే, 2011కు 3,900 దగ్గరికి చేరాయి. జనగణన లెక్కలో పట్నాలు, పాలనలో పంచాయతీలు. అంటే మూడంతస్తుల మేడలకు పంచాయతీ గుమాస్తా అనుమతి రాసివ్వాలి, డ్రైనేజీ సంగతి ఎవరూ ఎత్తకూడదు.

ఆ ఊరి సర్పంచ్ నన్ను సూటిగా అడిగాడు. "మేడమ్, మీ పటంలో మేం ఊరోళ్లమా, పట్నమోళ్లమా?" అప్పటికి 74వ రాజ్యాంగ సవరణ కొత్తగా అమల్లోకి వచ్చింది, 1993 జూన్ నుంచి. గ్రామం నుంచి పట్టణంగా మారుతున్న చోట్లకు నగర పంచాయతీ అని అందులో విడిగా రాశారు. పది లక్షలు దాటిన మహానగర ప్రాంతాలకు ఒక ప్రణాళికా కమిటీ ఉండాలని, అందులో మూడింట రెండొంతుల మందిని మునిసిపాలిటీ సభ్యులు, పంచాయతీ అధ్యక్షులు తమలోంచి ఎన్నుకోవాలని కూడా రాశారు. ఇదంతా ఆయనకు ఉత్సాహంగా చెప్పాను. ఆయన విని, "అయితే నీళ్ల పైపు ఎప్పుడొస్తది?" అన్నాడు. పైపు నగరపాలక హద్దు దాకా వచ్చి ఆగింది. డ్రైనేజీ ఉన్న పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలని మా చేతిపుస్తకంలో ఉండేది. హద్దుకు ఇవతల మనిషికి ఎన్ని లీటర్లో ఆ పుస్తకంలో ఉంది గానీ, ఎవరివ్వాలో లేదు. ఆ తర్వాత వచ్చినవాళ్లంతా బోరు వేసుకున్నారు, పక్కనే సెప్టిక్ ట్యాంకు కట్టుకున్నారు. ఆ రెంటి మధ్యా ఎంత దూరముందో కొలిచే మనిషి లేడు.

ఆ సర్వేలోనే తాతను కలిశాను. ఊరికి తూర్పున, కొంచెం పల్లంగా ఉన్న పొలాల మధ్య టేపు పట్టుకుని నడుస్తున్నాం. గట్టు మీద కూర్చుని చాలాసేపటి నుంచి చూస్తున్నాడు. దగ్గరికి రాగానే, "తల్లీ, ఏం రాస్తున్నవు అక్కడ?" అన్నాడు. చెప్పాను. "ఇళ్లా? ఈడ నీళ్లు నడుస్తయి" అన్నాడు.

నేను చుట్టూ చూశాను. ఎండిన నేల, కోసేసిన మోళ్లు. "ఇక్కడ వాగేమీ లేదే తాతా" అన్నాను.

"రోజూ నడవదు. గట్టిగ కొట్టిన యేడు నడుస్తది. పై చెరువు అలుగు పోస్తే ఇట్లనే వస్తది, గా చింతచెట్టు పక్కపొంటి, గీ పల్లం పట్టుకొని, కింది చెరువుకు. మా నాయిన చూపిండు, నేను నాలుగు మార్లు చూసిన." చేత్తో గాల్లో ఒక వంపు గీశాడు. ఆ వంపును నా పుస్తకంలో దిద్దుకున్నాను. ఆఫీసుకొచ్చి ట్రేసింగ్ మీద నీలం చుక్కలతో వేశాను. చక్కగా వచ్చింది కూడా, రెండు చెరువులనూ కలుపుతూ.

చెకింగ్‌లో అది ఆగింది. "ఇదెక్కడిది? గ్రామ పటంలో ఉందా?" లేదు. "సర్వే నంబరుందా?" లేదు, అంతా పట్టా భూమి. "టోపో షీటులో?" అందులోనూ లేదు. టోపో షీటంటే నేల ఎత్తుపల్లాలు చూపే 1:50,000 పటం, అందులో ఒక మిల్లీమీటరంటే నేల మీద యాభై మీటర్లు. ఎత్తు గీతలు పది మీటర్లకో ఇరవై మీటర్లకో ఒకటుంటాయి. నిలువెత్తు పల్లం కూడా ఆ పటానికి కనపడదు. "ఒకరి పట్టా భూమిలో వాగు చూపిస్తే వాడు కోర్టుకెళ్తాడు. ఆధారం ఏం చూపిస్తావు, ముసలాయన చెప్పాడనా?" నా దగ్గర జవాబు లేదు. అంటే, ఉంది. మళ్లీ వెళ్లి లెవెల్ మెషీనుతో ఆ పల్లం అంతా కొలిచి తేవచ్చు, మూడు రోజుల పని. గడువు దగ్గర పడింది. బ్లేడు తీసుకున్నాను. ముందే చెప్పాగా, గీకడంలో నాకు మంచి పేరుండేది. గోటితో రుద్దాక అక్కడ గీత ఉండేదని వెలుతురుకు పట్టి చూస్తే తప్ప తెలియలేదు.

అదే షీటు మీద ఇంకో గీత నిలబడింది. ఊరి పక్కనుంచి వంద అడుగుల రోడ్డు. దాని మీద వచ్చినన్ని అభ్యంతరాలు దేనిమీదా రాలేదు. పొలాల మధ్య వంద అడుగులా, ఎవరి కోసం, రెండెడ్ల బండ్లు నాలుగు వరసల్లో పోతాయా అని నవ్వారు. మా సార్ ఒక్కదానికీ లొంగలేదు. ఆయనకు 1811 న్యూయార్క్ కంఠతా వచ్చు. అప్పటికి ఆ నగరంలో లక్షమంది కూడా లేరు, దీవి దక్షిణపు కొసన ఉండేవారు. ముగ్గురు కమిషనర్లు ఉత్తరాన 155వ వీధి దాకా, పొలాల మీదా గుట్టల మీదా గీతలు గీసేశారు. ఇంత చోటు ఎందుకని జనం నవ్వుకుంటారేమోనని వాళ్ల నివేదికలో వాళ్లే రాసుకున్నారు. వాళ్ల తరఫున నేల కొలవడానికి వెళ్లిన సర్వేయర్ జాన్ రాండెల్ మీద భూస్వాములు చొరబాటు కేసులు పెట్టి అరెస్టు చేయించారు. ఇంచుమించు వందేళ్లలో ఆ గీతలు చాలావరకు నిండిపోయాయి. "జనం ఎంతమందొస్తారో నీకు తెలీదు, నాకు తెలీదు. రోడ్డుకు చోటు మాత్రం ఇప్పుడే పెట్టు, ఇళ్లొచ్చాక దేవుడొచ్చినా పెట్టలేడు" అనేవారు.

ఆ చోటు ఊరికే రాదు, దానికీ దారి ఉందని ఆయనే నేర్పారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1902లో, మన దగ్గర 1915 నాటి బొంబాయి టౌన్ ప్లానింగ్ చట్టంతో మొదలైన పద్ధతి. అందరి పొలాలూ కాగితం మీద ఒక్కటిగా పోగేస్తారు. అందులోంచి రోడ్లకు, బడికి, పార్కుకు చోటు తీసి, మిగిలింది ఎవరి వాటా వారికి చక్కని ఆకారంలో తిరిగిస్తారు. విస్తీర్ణం తగ్గుతుంది, విలువ పెరుగుతుంది. ఒక్కడి పొలమే రోడ్డుకు పోయి, పక్కవాడు రోడ్డు మీది ప్లాట్లు అమ్ముకునే అన్యాయం ఉండదు. అహ్మదాబాద్ చుట్టూ 76 కిలోమీటర్ల రింగ్ రోడ్డుకు నేల చాలావరకు ఇలాగే సమకూరింది. మా ఊళ్లో అది జరగలేదు. మీటింగు పెట్టాం, ముప్పై మంది వచ్చారు, నాకిచ్చే ప్లాటు ఎక్కడొస్తుందో ముందు చెప్పమని అందరూ అడిగారు. న్యాయమైన ప్రశ్నే, మా దగ్గర జవాబు తయారుగా లేదు. రోడ్డు చోటు మాత్రం ఎలాగో మిగిలింది. ఈరోజు ఆ రోడ్డు లేకుండా అక్కడ ఊపిరాడదు.

న్యూయార్క్ కథలో సార్ చెప్పని సగం నేను చాలా ఏళ్ల తర్వాత చదివాను. ఆ కమిషనర్లు గీతలు గీసేటప్పుడు నేల ఎత్తుపల్లాలను పట్టించుకోలేదు. గుట్టలు చదును చేశారు, వాగులు పూడ్చారు. 1865లో ఎగ్‌బర్ట్ వీలీ అనే ఇంజనీరు పూడ్చిన వాగులు, మడుగులు ఎక్కడెక్కడ ఉండేవో వెతికి, వీధుల గీతల మీదే వాటినీ వేసి ఒక పటం గీశాడు. ఇప్పటికీ అక్కడ పెద్ద భవనం పునాది తవ్వేముందు ఇంజనీర్లు ఆ పటం తీసి చూసుకుంటారట. మినెట్టా అనే వాగు పూడ్చి అంత కాలమైనా, సెల్లార్లలో నీళ్లు ఊరుతూనే ఉన్నాయి. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నాను.

ఆ ఊరికి మళ్లీ వెళ్లడం ఒక పెద్ద వాన తర్వాత. ఎవరూ రమ్మనలేదు. టీవీలో కాలనీ పేరు విన్నాను, వీధి చూశాను, ఆ వంపు గుర్తుపట్టాను. బస్సు దిగి నడుస్తుంటే చింతచెట్టు లేదు. మిగతాదంతా నాకు తెలిసిన దారే. నీళ్లు తాత చేయి తిప్పినట్టే తిరుగుతున్నాయి, ఇళ్ల మధ్యనుంచి. ఇళ్లవాళ్ల తప్పేముంది? పసుపు రంగు చూసి కొన్నారు, అనుమతి తీసుకుని కట్టారు. ఆ పసుపు వేసింది నేను.

కొంచెం ఎత్తులో ఉన్న ఒక పాత ఇంటి అరుగు మీద కొందరు నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒకాయన నన్ను ఎగాదిగా చూసి, "మీరు అప్పట్ల టేపు పట్టుకొని వచ్చిన మేడం గదా?" అన్నాడు. తాత కొడుకు. తాత పోయి చాలా ఏళ్లయిందట. పల్లపు పొలం అమ్మేసుకున్నా, ఇల్లు మాత్రం ఈ మెరక మీదనే ఉంచుకోమని పోయేముందు చెప్పాడట. ఆయన పక్కన నిలబడ్డ కుర్రాడు, కింది వీధిలో అద్దెకుంటాడట, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఉంది. నన్ను ఆఫీసు మనిషి అనుకున్నాడు. "ఈ నీళ్లు ఎటు పోతాయి మేడమ్?" అని అడిగాడు.

నేను చేయెత్తి చూపించాను. ఆ మూడో వీధి మలుపు, ఆ తెల్ల ప్రహరీ, దాని వెనక కింది చెరువు. కుర్రాడు నా వేలు పట్టి చూస్తున్నాడు. తాత కొడుకు మాత్రం నీళ్లకేసి చూడటం మానేసి నాకేసి చూశాడు.